రాజకీయ ప్రసంగంలో ఆవేశపు మాటలను గుర్తించి, తూచి వినడం ఎలా?

ఎన్నికల కాలంలో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరైనా, అనంతపురం సప్తగిరి సర్కిల్‌లోనైనా, కడప ఏడురోడ్ల కూడలిలోనైనా ఒక సాయంత్రం నిలబడితే చెవిన పడే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి: ద్రోహం, దోపిడీ, వెన్నుపోటు, ఆత్మగౌరవం, పౌరుషం, సీమ బిడ్డ, సస్యశ్యామలం. వీటిలో ప్రతి మాటా రెండు పనులు చేస్తుంది. ఒకటి ఏదో ఒక విషయాన్ని చెప్పడం. రెండోది ఆ విషయం మీద వినేవారిలో కోపమో, భయమో, గర్వమో, జాలో పుట్టించడం. రెండో పని మొదటి పనిని మింగేసినప్పుడు, సభ నుంచి తిరిగి వచ్చిన మనిషి గుండె నిండా ఉద్వేగం ఉంటుంది గానీ, ఇంట్లోవాళ్లు “ఏం చెప్పినాడు?” అని అడిగితే బదులు చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ రెండు పనులనూ విడదీసి వినే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఓటరుకు, డిగ్రీ చదివే విద్యార్థికి, మండల స్థాయి విలేకరికి, రేపో మాపో వేదిక ఎక్కి మాట్లాడవలసిన సర్పంచికి కూడా ఇది ఉపయోగపడాలని నా ఉద్దేశం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఆవేశంతో పలికిన మాట అబద్ధమే అయి ఉంటుందని అనుకోరాదు. 1876–78 నాటి మహా కరువులో ఈ జిల్లాలు ఎంత నష్టపోయాయో తెలిసినవారు ఎవరూ “కరువు” అనే మాటను ప్రశాంతంగా పలకలేరు, పలకనవసరం లేదు కూడా. ఆవేశపు మాటను నేను అర్థం చేసుకునే తీరు ఇది: అది రుజువు జత చేయకుండా చదివి వినిపించిన తీర్పు. “అన్యాయం” అన్న వక్త విచారణ ముగిసినట్టుగానే మాట్లాడుతున్నాడు. ఆ తీర్పు సరైనదే కావచ్చు. కానీ దానికి ఆధారమైన కాగితాలు మన చేతికి రాలేదు. శ్రోతగా మన పని ఆ కాగితాలను అడగడం, దొరకకపోతే వెతుక్కోవడం. శెనక్కాయను చేతిలో పట్టుకుంటే లోపల గింజ ఉన్నదీ తాలుదీ తెలియదు, ఒలిచి చూడాలి. మాటను పట్టుకున్నా అంతే.

చల్లని మాటలు కూడా ఇదే తీరున వంచించగలవు. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు ప్రాంతాల నుంచి ఏటా వందలాది కుటుంబాలు పిల్లాజెల్లాతో సహా పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్తాయి. వాళ్లు దానిని “సుగ్గికి (కోతల పనికి) పోతున్నాం” అంటారు. ప్రతిపక్షంలో ఉన్నవారు “పొట్ట చేతపట్టుకుని వలస పోతున్నారు” అంటారు. అధికారంలో ఉన్నవారి నివేదికలో అది “మెరుగైన కూలి కోసం తాత్కాలికంగా వెళ్లడం” అవుతుంది. ఈ మూడూ ఒకే లారీ గురించి చెప్పిన మాటలు. “వలస” అన్నప్పుడు మనసు కలుక్కుమంటుంది, కాబట్టి అది ఆవేశపు మాట అని తేలిగ్గానే గుర్తిస్తాం. “తాత్కాలికంగా వెళ్లడం” అన్నప్పుడు ఏమీ అనిపించదు, కాబట్టి అది తటస్థమైన మాట అని నమ్ముతాం. ఏమీ అనిపించకుండా చేయడమే ఆ మాట చేసిన పని. బడి మానిన పిల్లల సంఖ్య, తాళం వేసిన ఇళ్ల సంఖ్య, ఉపాధి హామీ పథకంలో ఆ ఊరికి ఆ నెలల్లో దొరికిన పనిదినాల సంఖ్య అడిగితే తప్ప ఈ మాటల్లో ఏది వాస్తవానికి దగ్గరగా ఉందో తేలదు.

మన అలంకారశాస్త్రం ఈ విషయాన్ని ఏనాడో పట్టుకుంది. శబ్దానికి అభిధ (నేరుగా వచ్చే అర్థం), లక్షణ (సందర్భాన్ని బట్టి పొసగే అర్థం), వ్యంజన (చెప్పకుండా స్ఫురించే అర్థం) అని మూడు శక్తులున్నాయని, “గంగలో గొల్లపల్లె” అనే ఉదాహరణతో తెలుగు విద్యార్థులందరూ చదువుకున్నారు. నీటిలో పల్లె ఉండదు గనుక గంగ ఒడ్డున ఉన్న పల్లె అని లక్షణ వల్ల అర్థమవుతుంది. అక్కడి చల్లదనం, పవిత్రత వ్యంజన వల్ల స్ఫురిస్తాయి. ఇదే పద్ధతిని “సీమ బిడ్డ” అనే మాటకు వర్తింపజేసి చూడండి. అభిధ ప్రకారం బిడ్డ అంటే సంతానం. లక్షణ వల్ల ఈ ప్రాంతంలో పుట్టినవాడు అనే అర్థం వస్తుంది. వ్యంజన వల్ల “ఇతడు మనవాడు, మనమే కాపాడుకోవాలి, ఎదురు నిలిచినవాడు పరాయివాడు” అనే భావం చెప్పకుండానే మనసులోకి చేరుతుంది. ఏ ప్రసంగంలోనైనా నోటితో చెప్పిన భాగానికి వక్త జవాబుదారీ వహిస్తాడు. స్ఫురింపజేసిన భాగానికి వహించడు. “ఎదుటివాడు పరాయివాడని నేనెప్పుడన్నాను?” అని మరునాడు అడగగలడు. అందువల్ల వినేటప్పుడు ఒక కాగితం మీద రెండు వరుసలు గీసుకుని, అతడు అన్నది ఒకవైపు, అనిపించినది మరొకవైపు రాసుకోవడం మంచి అలవాటు. రెండో వరుస నిండి, మొదటి వరుస ఖాళీగా మిగిలిన ప్రసంగాలు ఎన్ని ఉంటాయో మీరే చూస్తారు.

తెలుగు వాక్యంలో ఆవేశం దాగే చోట్లు

ద్రోహం, దోపిడీ వంటి బరువైన నామవాచకాలను ఎవరైనా గుర్తించగలరు. కష్టమంతా చిన్న చిన్న వ్యాకరణ రూపాలతోనే. తెలుగు భాషకు ప్రత్యేకమైన కొన్ని సౌకర్యాలున్నాయి. వాటిని మన వక్తలు అద్భుతంగా వాడతారు, మనం వాటిని వినీ విననట్టు వదిలేస్తాం.

మొదటిది “మేము”, “మనం” అనే రెండు సర్వనామాల తేడా. వక్త చేసిన మేలు చెప్పేటప్పుడు “మేము” వస్తుంది: ఇళ్ల పట్టాలు మేమిచ్చాం, రోడ్డు మేమేశాం. నష్టం చెప్పేటప్పుడు “మనం” వస్తుంది: మనం మోసపోయాం, మనల్ని అవమానించారు. ఘనత తనకు, గాయం అందరికీ పంచే పద్ధతి ఇది. అన్నిసార్లూ దురుద్దేశంతోనే చేస్తారని నేను అనడం లేదు, చాలామందికి అది నాలుకకు పట్టిన అలవాటు. అయినా “మేము” నుంచి “మనం”కు వక్త మారిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. ఆ గీత దగ్గరే మీ చేత ఏదో ఒప్పించబోతున్నాడు.

రెండోది కర్త లేని క్రియ. తెలుగులో “దోచుకున్నారు” అనే ఒక్క క్రియతో వాక్యం పూర్తవుతుంది. ఎవరు అని చెప్పనవసరం లేదు. మోసం చేశారు, నట్టేట ముంచారు, గొంతు కోశారు, నోట్లో మట్టి కొట్టారు. ఈ క్రియల చివరి “రు” అనే అక్షరంలో గత ప్రభుత్వం ఉండవచ్చు, పొరుగు రాష్ట్రం ఉండవచ్చు, కోస్తా నాయకులు ఉండవచ్చు, కాంట్రాక్టరు ఉండవచ్చు. ప్రతి శ్రోతా తనకు గిట్టనివారిని అందులో కూర్చోబెట్టుకుంటాడు. అలాంటి ప్రతి క్రియ ముందు “ఎవరు?” అని మనసులో అడగండి. ఫలానా శాఖ, ఫలానా జీవో, ఫలానా సంవత్సరం అని జవాబు వస్తే అది ఆరోపణ, దానిని పరిశీలించవచ్చు. “వాళ్లు” అనే మాట తప్ప మరేదీ రాకపోతే పరిశీలించడానికి అక్కడ ఏమీ లేదు.

దీనికి తిరగబడిన రూపం అధికారుల భాషలో కనిపిస్తుంది. అక్కడ పనులన్నీ వాటంతట అవే జరుగుతాయి: జాప్యం జరిగింది, నిధులు మళ్లాయి, పైపు పగిలింది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఈ రెండు భాషలూ పక్కపక్కనే వినిపించాయి. “గొలుసు తెగింది” అనే వాక్యంలో మనిషి లేడు. “గేటును గాలికొదిలేశారు” అనే వాక్యంలో మనిషి ఉన్నాడు గానీ పేరు లేదు. రెండింటినీ ఒకే ప్రశ్నతో ఎదుర్కోవాలి: ఆ గొలుసులను చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, తనిఖీ బాధ్యత తుంగభద్ర బోర్డులో ఏ విభాగానిది, ఆ నివేదికలో ఏం రాశారు? ఈ ప్రశ్న ఎవరి పక్షమూ వహించదు. అలాగని చప్పని ప్రశ్న కూడా కాదు, ఆ ఏడాది పంటనంతా ఆ జలాశయం మీద పెట్టుకున్న రైతుకు దీనికంటే ముఖ్యమైన ప్రశ్న లేదు.

మూడోది గౌరవ వాచకాలు. ఆయన, అతను, వాడు అనే మెట్లలో ఒక మెట్టు దిగితే చాలు, ఏ ఆరోపణా చేయకుండానే ఎదుటివాడిని చిన్నబుచ్చవచ్చు. నిన్నటి దాకా “గారు” అనిపించుకున్న వ్యక్తి పార్టీ మారగానే “వాడు” అవుతాడు. ప్రసంగాన్ని మళ్లీ చదివేటప్పుడు అన్నిచోట్లా “ఆయన” అని మార్చి చూస్తే, కొన్ని వాక్యాల్లో విమర్శ నిలుస్తుంది, కొన్నింటిలో ఏమీ మిగలదు.

నాలుగోది “గి” గుణింతంతో వచ్చే జంట మాట. కాలువలూ గీలువలూ, హామీలూ గీమీలూ అన్నప్పుడు ఆ కాలువ ఉందా లేదా అనే చర్చే అక్కర లేకుండా అది తేలికైపోతుంది. సభలో నవ్వు వస్తుంది. నవ్విన తరువాత లెక్క అడగడం ఎవరికైనా మొహమాటంగా ఉంటుంది.

ఐదోది ప్రశ్నార్థకపు దీర్ఘం. “మనకు రోషం లేదా?” “బుద్ధి చెప్పాలా వద్దా?” జనం ఒక్క గొంతుతో “చెప్పాల!” అంటారు. వక్త ఏ ప్రతిపాదనా చేయలేదు, అయినా వేలమంది ఆమోదం దొరికింది. ఇలాంటి ప్రశ్నను మామూలు వాక్యంగా మార్చి రాసుకోండి: “మీరు నాకు ఓటు వేయకపోతే మీకు రోషం లేనట్టే.” ఈ రూపంలో ఆ మాటను ఏ వక్తా వేదిక మీద అనడు, అంటే జనం ఊరుకోరు. రోషం, పౌరుషం అనే మాటలు ఈ ప్రాంతంలో ఎంత లోతుకు దిగుతాయో తెలిసినవారే వాటిని ప్రశ్నగా మార్చి వాడతారు.

వరసలు కలిపి పిలవడం గురించి కూడా చెప్పాలి. అక్కచెల్లెమ్మలు, అవ్వాతాతలు అని పిలవడంలో తప్పు లేదు. అది మన మర్యాద. అయితే “మీ ఇంటి పెద్దకొడుకులాగా పింఛను ఇస్తున్నాను” అనే వాక్యంలో పెద్ద మార్పే జరిగిపోతుంది. పింఛను ప్రభుత్వ ఖజానా నుంచి వస్తుంది, అర్హత చూపి దరఖాస్తు చేసుకున్నవారికి వస్తుంది. “కొడుకు” అనే మాట పడగానే హక్కు కాస్తా ఋణంగా మారుతుంది, ముసలి తల్లి ఆ ఋణం తీర్చుకోవడానికి ఓటు వేయాలని అనుకుంటుంది. రాజకీయ భాషలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీని బారిన పడేవారు ఎదురు ప్రశ్న వేసే అవకాశం అతి తక్కువగా ఉన్నవారు.

ఒక ప్రసంగాన్ని ఒలిచి చూద్దాం

అభ్యాసం కోసం నేనే ఒక ప్రసంగ భాగాన్ని రాశాను. ఇది ఏ నాయకుడిదీ, ఏ పార్టీదీ కాదు.

“అక్కచెల్లెమ్మలారా, అన్నదమ్ములారా! ఈ గడ్డ మీద పుట్టిన మనకు రోషం లేదా? నోటికాడి నీళ్లు లాక్కుపోయారు. మన బిడ్డల నోట్లో మట్టి కొట్టారు. కాలువలూ గీలువలూ తవ్వామని చెప్పుకుంటున్నారే, ఒక్క ఎకరానికైనా నీళ్లొచ్చాయా? ఈ ద్రోహులకు బుద్ధి చెప్పాలా వద్దా? మేము రాగానే సీమను సస్యశ్యామలం చేస్తాం.”

దీనిలోని వరసలు, ప్రశ్నలు, రోషం, ద్రోహం, మట్టి, జంట మాట అన్నీ తీసివేసి, మిగిలిన దానిని సాదా వాక్యాలుగా రాస్తే మూడే మిగులుతాయి. మనకు రావలసిన నీరు రాలేదు. తవ్విన కాలువల కింద పొలాలు పారలేదు. మాకు అధికారమిస్తే సాగునీరు తెస్తాం. ఇప్పుడు ఒక్కొక్కదాన్ని తీసుకుని అడగాలి.

“రావలసిన నీరు” అంటే ఏ నీరు? నీటి విషయం మాట్లాడేవారంతా నికర జలాలు (కేటాయింపు ఉన్న నీరు), మిగులు జలాలు (వరదలో అదనంగా వచ్చే నీరు) అని రెండుగా చెబుతారు. కర్నూలు–కడప కాలువకు 39.9 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు), తుంగభద్ర ఎగువ కాలువకు 32.5 టీఎంసీలు కేటాయింపుగా ఉన్నాయి. హంద్రీ–నీవా సుజల స్రవంతిని 40 టీఎంసీలతో ఆరు లక్షల ఎకరాలకు పైగా నీరిచ్చేలా తలపెట్టినా, అది శ్రీశైలానికి వరద వచ్చినప్పుడు ఎత్తిపోసుకునే మిగులు జలాల మీద ఆధారపడినది. కేటాయింపు ఉన్న కాలువకు నీరు రాకపోతే “లాక్కుపోయారు” అనే మాటకు చోటుంది, ఎవరు వాడుకున్నారో లెక్క తీయాలి. వరద నీటి పథకానికి వర్షాభావ సంవత్సరంలో నీరు రాకపోవడానికి దొంగ ఉండనక్కరలేదు. అదే సమయంలో “వరద లేదు, మేమేం చేయం” అనే జవాబును కూడా ఊరికే ఒప్పుకోరాదు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మట్టం 854 అడుగుల కంటే దిగువకు పడితే, ఆ జలాశయం నుంచి సీమకు నీరు మళ్లించే పోతిరెడ్డిపాడు గేట్ల గుండా తీసుకోగలిగే నీరు బాగా తగ్గిపోతుంది. కాబట్టి ఆ ఏడాది మట్టం ఎన్ని రోజులు ఆ గీత పైన నిలిచింది, ఆ రోజుల్లో పోతిరెడ్డిపాడు గేట్లు ఎంత మేరకు తెరిచారు, దిగువన విద్యుత్తు ఉత్పత్తికి ఎంత వదిలారు అని అడగాలి. జలాశయాల రోజువారీ లెక్కలు జలవనరుల శాఖ ప్రకటిస్తూనే ఉంటుంది.

తుంగభద్ర ఎగువ కాలువ విషయంలో మరో చిక్కుంది. అనంతపురం సభల్లో పొరుగు రాష్ట్రాన్ని దొంగ అనడం తేలిక. కానీ ఆ జలాశయం కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలుగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు పడిపోయింది. ఏటా లభ్యమయ్యే నీటిని అంచనా వేసి తుంగభద్ర బోర్డు దామాషా ప్రకారం పంచుతుంది. నీటి చౌర్యం జరగడం లేదని దీని అర్థం కాదు. కాలువ వెంబడి అక్రమంగా తోడుకోవడం మీద రైతులు ఎన్నో ఏళ్లుగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. కోపం మొత్తాన్ని మనుషుల మీదికి తిప్పితే పూడిక గురించి అడిగేవారు ఉండరు, ఎగువ కాలువ పక్కనే మరో సమాంతర కాలువ తవ్వాలని పట్టుబట్టేవారూ ఉండరు. ఆవేశపు మాట చేసే అసలు నష్టం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది: అది తప్పుడు కోపాన్ని పుట్టించదు, సరైన కోపాన్ని తప్పుడు దిక్కుకు తిప్పుతుంది.

రెండో వాక్యంలో “ఒక్క ఎకరానికైనా” అనే మాటను పట్టుకోవాలి. “ఒక్క” అనే మాట అతిశయోక్తికి సులువైన దారి. ఒక్క ఎకరం పారినా ఆ వాక్యం తప్పవుతుంది గనుక, ఎదుటి పక్షం ఆ ఒక్క ఎకరాన్ని చూపించి తప్పించుకుంటుంది. ప్రధాన కాలువ పూర్తయి, పిల్ల కాలువలు తవ్వకపోవడం అనే నిజమైన సమస్య ఈ రెండు అతిశయోక్తుల మధ్య కనబడకుండా పోతుంది. మూడో వాక్యంలోని “సస్యశ్యామలం” గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దానిని వ్యతిరేకించే మనిషి భూమ్మీద ఉండడు. ఎవరూ వ్యతిరేకించలేని మాటలో వాగ్దానం ఉండదు. ఏ కాలువ, ఎన్ని టీఎంసీలు, ఏ బడ్జెట్‌లో, ఎన్నేళ్లలో అని నాలుగు ముక్కలు అడిగితే చాలు.

ఈ సందర్భంలోనే నిధుల క్రియలను కూడా వేరుచేసి వినడం నేర్చుకోవాలి. కేటాయించాం, మంజూరు చేశాం, టెండర్లు పిలిచాం, శంకుస్థాపన చేశాం, ఖర్చు చేశాం, పూర్తి చేశాం అనేవి వేదిక మీద ఒకే అర్థంలో వినిపించినా, వాటి మధ్య ఏళ్లకు ఏళ్లు దూరం ఉంటుంది.

ప్రాస కలిసిన నినాదం, కాగితం మీద ఉన్న ఒప్పందం

“కడప ఉక్కు, సీమ హక్కు” అనే నినాదాన్ని వినని కడప మనిషి ఉండడు. ఉక్కు, హక్కు అనే రెండు మాటల్లోని ద్విత్వం వల్ల, ఆ ప్రాస వల్ల అది వినగానే నిజమనిపిస్తుంది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు తీసి చదివితే, కడప జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం నెలకొల్పడానికి గల సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించాలని కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ అయిన స్టీల్ అథారిటీకి చెప్పినట్టు ఉంటుంది. పరిశీలించాలన్నారు, స్థాపించాలని అనలేదు. అంతకుముందు 2007లోనూ, ఆ తరువాత 2018, 2019, 2023 సంవత్సరాల్లోనూ జిల్లాలో ఉక్కు కర్మాగారాల పేరిట శంకుస్థాపనలూ భూమిపూజలూ జరిగాయి. ఈ వివరాలు తెలిసిన శ్రోత నినాదాన్ని వదులుకోనక్కరలేదు. ఆ నినాదం ఒక డిమాండు అని, న్యాయమైన డిమాండని, అయితే చట్టం దానిని ఇంకా హక్కుగా రాయలేదని అతనికి తెలుస్తుంది. అప్పుడు అభ్యర్థిని “హక్కు కోసం పోరాడతారా?” అని కాకుండా, “చట్టంలో ‘పరిశీలన’ను ‘స్థాపన’గా మార్పించడానికి, లేదా రాష్ట్రమే పెట్టుబడి సమకూర్చడానికి మీ దగ్గర ఉన్న ప్రణాళిక ఏమిటి?” అని అడగగలడు.

శ్రీబాగ్ విషయం దీనికి భిన్నం. అక్కడ “ద్రోహం” అనే మాటను పరీక్షించడానికి కావలసిన కాగితం ఉంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి నివాసమైన శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రం, పదేళ్లపాటు లేదా అవసరమైనంత కాలం తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల్లో సీమకు ప్రాధాన్యం, శాసనసభ స్థానాల పంపిణీ, రాజధాని–హైకోర్టులలో ఏదో ఒకటి కోరుకునే అవకాశం అనే అంశాలు ఉన్నాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1956 నవంబరు 1 నాటికి రాజధాని హైదరాబాదుకు తరలింది. అంశం వారీగా ఏది అమలైంది, ఏది కొంతకాలం అమలై ఆగిపోయింది, ఏది మొదలే కాలేదు అని పట్టిక వేసుకున్నవారు “ద్రోహం” అనే మాటను ఉపయోగిస్తే, ఆ మాటకు నేను గౌరవం ఇస్తాను. నీటి ప్రాధాన్యం గురించిన అంశంలో ఆ మాట ఎంతో దూరం నిలబడుతుందని నా నమ్మకం. ఆ ఒడంబడిక ఏనాడూ చదవకుండా దాని పేరు మాత్రం పలికే వక్త చేతిలో అదే మాట పలచబడిపోతుంది.

మాట వల్ల మేలు జరిగిన సందర్భం కూడా ఈ నేల మీదే ఉంది. 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన కారణంగా దత్త మండలాలు అని పిలిచిన ఈ ప్రాంతానికి, 1928 నాటి నంద్యాల సభల్లో రాయలసీమ అనే పేరు స్థిరపడింది. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అనే అర్థం నుంచి రాయలు ఏలిన నేల అనే అర్థానికి ప్రజలు మారారు. అది పూర్తిగా భావోద్వేగంతో నిండిన మాటే. దానికి వెనుక చరిత్ర ఉంది, ఆత్మాభిమానం ఉంది, అది ఎవరినీ చిన్నబుచ్చలేదు.

దీనికి ఎదురుగా “ఫ్యాక్షన్” అనే మాటను చూడండి. హత్యారాజకీయాలు ఇక్కడ నిజంగా జరిగాయి, కుటుంబాలు నాశనమయ్యాయి. అయితే ఇవాళ ఆ మాటను ఒక అభ్యర్థి మీదికి విసిరినా, ఒక జిల్లా మొత్తం మీదికి విసిరినా, రుజువు అడిగేవారు లేరు. అభ్యర్థి విషయంలో రుజువు చూసుకోవడం సులభం: నామినేషన్‌తో పాటు సమర్పించే ఫారం 26 అఫిడవిట్‌లో పెండింగ్ కేసులు, శిక్షలు రాయాలి, 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత నేర చరిత్ర ఉన్న అభ్యర్థి ఆ వివరాలను పత్రికల్లో ప్రకటించాలి కూడా. జిల్లా విషయంలో మాత్రం ఆ మాటను ఒప్పుకోనక్కరలేదు.

విలేకరికి, వక్తకు

సభను పత్రికకు రాసి పంపేవారి బాధ్యత శ్రోత బాధ్యత కంటే ఎక్కువ. మన పత్రికల్లో నాయకులు మామూలుగా మాట్లాడరు. నిప్పులు చెరుగుతారు, ధ్వజమెత్తుతారు, దుయ్యబడతారు, విరుచుకుపడతారు, ఎద్దేవా చేస్తారు. ఈ క్రియలు వక్త ఆవేశానికి విలేకరి ఆవేశాన్ని జోడిస్తాయి. అన్నారు, చెప్పారు, ఆరోపించారు, విమర్శించారు, ఖండించారు అనే ఐదు క్రియలతో ఏ వార్తనైనా రాయవచ్చు. వీటిలోనూ తేడా పాటించాలి: రుజువు చూపకుండా నేరం మోపితే “ఆరోపించారు”, విధానాన్ని తప్పుపడితే “విమర్శించారు”. “తేల్చి చెప్పారు”, “బయటపెట్టారు” అనే క్రియలను రుజువు కాగితం మీ చేతిలో ఉన్నప్పుడే వాడండి, ఎందుకంటే అవి ఆరోపణను వాస్తవంగా మార్చేస్తాయి. “భూదోపిడీ” వంటి మాట వక్తదైతే ఉద్ధరణ చిహ్నాల్లోనే ఉంచి, కింది వాక్యంలో సర్వే నంబరు, విస్తీర్ణం, రెవెన్యూ అధికారి వివరణ రాయాలి. అవి దొరకకపోతే, వక్త ఆ వివరాలు చెప్పలేదని ఒక వాక్యం రాయడానికి వెనుకాడరాదు.

వేదిక ఎక్కేవారికి నేను చెప్పేది ఆవేశాన్ని వదలమని కాదు. ఎండిపోయిన శెనక్కాయ చేను గురించి చల్లగా మాట్లాడేవాడిని ఈ జిల్లాలో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ముందు విషయం చెప్పి తరువాత మాట పలకండి: ఎన్ని తడులు తప్పాయి, ఎకరాకు పెట్టుబడి ఎంత, చేతికి వచ్చినది ఎంత, బీమా సొమ్ము ఏ సీజనుది బకాయి ఉంది. ఈ నాలుగూ చెప్పిన తరువాత “ఇది అన్యాయం” అంటే, ఆ మాటను వినేవారే ముందుగా అనుకుని ఉంటారు. రాసుకున్న ప్రసంగంలో ప్రతి ఆవేశపు మాట కింద గీత గీసి, పక్కనే దానికి ఆధారం రాయడానికి ప్రయత్నించండి. ఆధారం రాయలేకపోయిన మాటను కొట్టేయండి. ఎదుటి అభ్యర్థిని గురించి ఏ మాట వాడబోతున్నారో, అదే మాట మీ గురించి వాడితే సరైన విమర్శ అని ఒప్పుకుంటారా అని కూడా చూసుకోండి.

చట్టం గీసిన హద్దులు కొన్ని ఉన్నాయి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం, కులం, భాష పేరిట ఓటు అడగడం, వాటి ఆధారంగా వర్గాల మధ్య ద్వేషం పెంచడం, అభ్యర్థి వ్యక్తిగత శీలం గురించి అబద్ధమని తెలిసి ప్రచారం చేయడం అవినీతి చర్యలు. ఎన్నికల సందర్భంలో వర్గ ద్వేషం రెచ్చగొడితే 125వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అభ్యర్థి మతకులాలే కాకుండా ఓటరు మతకులాల పేరు చెప్పి ఓటు అడిగినా అది నిషిద్ధమేనని మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఎన్నికల నియమావళి అమలులో ఉన్న రోజుల్లో అలాంటి ప్రసంగం విన్నవారు వీడియో తీసి ఎన్నికల సంఘం వారి సీ–విజిల్ యాప్ ద్వారా పంపవచ్చు.

ఎన్నికలు లేని రోజుల్లో చేయవలసిన పని వేరే ఉంది. ఈ మధ్య విన్న ఒక ప్రసంగం నుంచి మీ ఊరికి సంబంధించిన ఒకే ఒక వాక్యాన్ని తీసుకోండి, పైన చెప్పినట్టు ఆవేశాన్ని ఒలిచి సాదా వాక్యంగా రాయండి. ఉదాహరణకు “మన చెరువును ఎండబెట్టారు” అనే మాట, “2023, 2024 సంవత్సరాల్లో ఫలానా చెరువుకు హంద్రీ–నీవా కాలువ నుంచి నీరు వదలలేదు” అవుతుంది. దానిని ప్రశ్నగా మార్చి, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద జలవనరుల శాఖ డివిజన్ కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి: ఆ రెండేళ్లలో ఏ తేదీల్లో, ఎన్ని క్యూసెక్కులు, ఏ తూము నుంచి వదిలారు, వదలకపోతే కారణం చూపిన ఉత్తరం నకలు ఇవ్వండి. చెరువు పేరు, గ్రామం, మండలం స్పష్టంగా రాయాలి, అభిప్రాయాలు అడగకూడదు, రికార్డులే అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వడం వారి విధి. రాకపోతే అదే శాఖలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. వచ్చిన జవాబును జిరాక్సు తీయించి గ్రామసభలో చదివి వినిపించండి, ఆ ప్రసంగం చేసిన నాయకుడికి కూడా ఒక ప్రతి ఇవ్వండి.